ఆకలి మారితే అంగడి మారుతుంది

బ్యాంకులో చేరి ముప్పై ఏళ్లు కావస్తోంది. అప్పు కోసం వచ్చినవారిని మూడేళ్ల లెక్కలు తెమ్మనడం నా ఉద్యోగం. ఆ కాగితాలు నిన్నటి సంగతే చెబుతాయి, రేపటిది చెప్పవు. ఈ మాట బి.కాం.లోనే చదువుకున్నాను, ఒంటికి పట్టింది మాత్రం ఈమధ్యనే.

2025 చివర్లో బెంగళూరులోని మా శాఖకు ఒకావిడ వచ్చారు. తాతల నాడే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. పన్నెండేళ్లుగా బరువు తగ్గించే కేంద్రం నడుపుతున్నారు. కొత్త యంత్రాలకూ, రెండో కేంద్రానికీ కలిపి నలభై లక్షలు కావాలన్నారు. సొంత ఇల్లు తనఖా పెడతానన్నారు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పాత అప్పులో ఒక్క వాయిదా తప్పలేదు. సంతకం చేసేవాణ్ణే. లేవబోతూ ఆవిడ, "ఈమధ్య పాత మెంబర్లు కొందరు ఇంజెక్షన్ వేయించుకుంటున్నామని మానేస్తున్నారు సార్" అన్నారు. పెన్ను మూసి, మళ్లీ కూర్చోమన్నాను.

ఆ ఇంజెక్షన్ సంగతి పాఠకులు పత్రికల్లో చూసే ఉంటారు. భోంచేశాక మన పేగుల్లో పుట్టే ఒక హార్మోను 'ఇక చాలు' అని మెదడుకు కబురు పెడుతుంది. ఈ మందులు దాన్ని అనుకరించి ఆకలి తగ్గిస్తాయి. డెన్మార్కు సంస్థ నోవో నార్డిస్క్ తన సెమాగ్లుటైడ్‌కు అమెరికాలో మధుమేహం కోసం 2017లో ఒజెంపిక్ పేరుతోనూ, బరువు తగ్గడానికి 2021లో వెగోవీ పేరుతోనూ అనుమతి పొందింది. మన దేశంలో ఇలై లిల్లీ వారి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో అమ్మకానికి వచ్చాయి.

ఆకలి తగ్గితే కథ మందుల షాపుతో ఆగదు. ఈ మందులు వాడేవారు సరుకులు కాస్త తక్కువ కొంటున్నారని 2023లో అమెరికాలో వాల్‌మార్ట్ చెప్పింది. 2024లో నెస్లే అలాంటివారి కోసమే తక్కువ పరిమాణంలో, ప్రొటీన్ ఎక్కువుండే భోజనాలు ప్రకటించింది. 1963లో పుట్టి, బరువు తగ్గించడమే వ్యాపారంగా పెరిగిన వెయిట్‌వాచర్స్ కూడా 2023లో ఈ మందులు రాసిచ్చే సంస్థనొకదాన్ని కొని దారి మార్చుకోబోయింది. కానీ నెత్తిన 100 కోట్ల డాలర్లకు పైగా అప్పుంది. 2025 మేలో దివాలా చట్టాన్ని ఆశ్రయించింది.

గెలిచినవారికీ నిద్ర లేదు. 2023లో నోవో షేర్ల మొత్తం విలువ డెన్మార్కు ఏడాది జాతీయోత్పత్తిని మించింది. పోటీ పెరిగాక, 2025 సెప్టెంబరులో అదే సంస్థ 9,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. సెమాగ్లుటైడ్‌పై మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థలు ఆ రోజు కోసం ముందునుంచే సిద్ధపడ్డాయి. ఖరీదు తగ్గేకొద్దీ ఆవిడ కేంద్రం మెట్లెక్కేవారు ఇంకా తగ్గవచ్చునని నా భయం.

"ఇల్లు తనఖా వద్దు, రెండో కేంద్రం వద్దు. ఎనిమిది లక్షలైతే సిఫారసు చేస్తాను" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నా మీద నమ్మకం లేదా సార్?"

"మీ మీద ఉందమ్మా. ఆ యంత్రాల మీద లేదు."

మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ త్రైమాసికంలో నా అప్పుల లక్ష్యం తప్పింది, పైవారిచేత మాట పడ్డాను. తప్పు చేశానేమోనని నాకూ అనిపించింది.

రెండు వారాలకు ఆవిడే తిరిగొచ్చారు. మానేసిన మెంబర్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడారట. ఈ మందులతో బరువు తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కొంత తగ్గుతుంది. మందు ఆపితే పోయిన బరువు చాలామందికి తిరిగొస్తుంది. అలాంటివారికి కండ నిలిపే వ్యాయామం, తగిన తిండి నేర్పుతానన్నారు. ఎనిమిది లక్షలూ దానికే తీసుకున్నారు. మందు వాడాలా వద్దా అన్నది మాత్రం డాక్టరు చెప్పాల్సిన మాటేనని వచ్చినవాళ్లకు ముందే చెబుతారు. పాత సంఖ్య ఇంకా రాలేదు. వాయిదాలు సమయానికి కడుతున్నారు, ఇంటి కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి.

మన సంఘంలో మిఠాయి దుకాణాలవారున్నారు, హోటళ్లవారున్నారు, జిమ్‌లు నడిపే పిల్లలున్నారు. అందరికీ నా మనవి ఒక్కటే. గిరాకీ మారినప్పుడు అప్పు తక్కువున్నవాడు దారి మార్చుకోగలడు. అప్పు పెరిగినవాడు వాయిదా కోసం పాత దారినే పట్టుకు వేలాడతాడు. ఇల్లు తనఖా పెట్టేముందు, రావడం మానేసిన పాత ఖాతాదారు ఇంటికొకసారి వెళ్లి రండి.