మాయాబజార్ వచ్చిన ఏడు పుట్టినవాణ్ణి

నేను చదివింది ఐదో తరగతి. ముప్పై తొమ్మిదేళ్లు రింగు ఫ్రేముల దగ్గర తెగిన దారాలు అతికినవాణ్ణి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ సంగతి మా మనవడి వల్ల మొదలైంది. వాడికి పన్నెండేళ్లు. కోడంబాక్కం పవర్ హౌస్ స్టాపు వెనకాల సందులో మా కూతురి ఇల్లు. బడి నుంచి రాగానే వాళ్లమ్మ ఫోను తీసుకుని కూర్చుంటాడు. వాడి దగ్గర ఆట ఆడే మిషను లేదు, అది కొనే స్తోమతు మాకు లేదు. ఎవరో ఆడుతుంటే తీసిన వీడియోలు చూస్తాడు, అంతే. జెల్డా అని ఒక జపాను వాళ్ల ఆట. 1986లో మొదలైందట, ఇప్పటికీ కొత్త కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయట.

ఒకరోజు వాడే నా పక్కన చేరి, "తాతా, నువ్వు లెక్కలు బాగా చేస్తావు కదా, ఇది చెప్పు" అన్నాడు. ఆటలో లింక్ అని ఒక వీరుడు. 1998లో వచ్చిన ఆటలో వాడు చిన్నపిల్లవాడుగా నిద్రపోయి ఏడేళ్ల తర్వాత లేస్తాడు. సరే, అది లెక్కకి వస్తుంది. 2017లో వచ్చిన ఆటలో నూరేళ్లు నిద్రపోయి లేస్తాడు. మొహం మీద ఒక్క ముడతైనా ఉండదు. వాడితో పాటు ఉండిన ఒకావిడ ఈ నూరేళ్లలో పండు ముసలిదైపోయింది. ఆ ముసలావిడ అక్క ఏదో మందు ప్రయోగం చేసుకుని ఆరేళ్ల పిల్లలా అయిపోయింది. తర్వాత 2023లో వచ్చిన ఆటలో అదే ఆరేళ్ల పిల్ల పెళ్లీడు పడుచులాగా కనిపిస్తుంది. ఆ ఊళ్లో మిగతా పిల్లలు మాత్రం పిల్లలుగానే ఉన్నారు. "ఎన్నేళ్లు గడిచినట్టు తాతా?" అని వీడి ప్రశ్న.

నేను వేళ్లు మడిచి మడిచి చూశాను, తెగలేదు. ఆడేవాళ్లు ఇట్లా ఇన్నేళ్లు గొడవపడితే, ఆట తయారుచేసినవాళ్లు 2011లో ఒక పుస్తకమే వేశారట. అందులో ఆ కథ ఒక చోట మూడు పాయలుగా చీలిపోయిందని, ఒక్కో ఆట ఒక్కో పాయలో జరిగిందని చూపించారట. అది విని నాకు నవ్వొచ్చింది. "ఒరే, లెక్క కుదరకపోతే మూడు రిజిస్టర్లు పెట్టుకున్నారన్నమాట. ఇందులో కొత్తేముందిరా? మా పేటలో మేమూ అంతే" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

వాణ్ణి తీసుకుని ఆర్కాడు రోడ్డు మీద వడపళని దాకా నడిచాను. ఇప్పుడు అక్కడ పెద్ద మాలు, ఆస్పత్రి. ఒకప్పుడు అదంతా విజయా వాహినీ స్టూడియో. "మీ జపాను వాళ్ల కన్నా దాదాపు ముప్పై ఏళ్ల ముందే ఇక్కడ మన తెలుగు వాళ్లు వయసుల లెక్క తప్పించి లోకాన్ని మెప్పించారు" అని చెప్పాను. అది మాయాబజార్ సంగతి.

1957 మార్చి 27న విడుదలైంది. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు, మార్కస్ బార్ట్‌లీ గారి కెమెరా. ఆ సినిమాలో అభిమన్యుడూ శశిరేఖా చిన్నపిల్లలుగా మొదలై, పెద్దవాళ్లై, ప్రేమించుకుంటారు. ఆ తర్వాతే ధర్మరాజు జూదంలో ఓడిపోతాడు. అంటే జూదం నాటికే అభిమన్యుడు మీసాలొచ్చిన పెళ్లికొడుకు. ఇప్పుడు లెక్క వేయండి. జూదం తర్వాత పన్నెండేళ్లు అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం, ఆ తర్వాత యుద్ధం. జూదం నాడు పద్దెనిమిది అనుకున్నా, పద్మవ్యూహంలోకి పోయేటప్పటికి ముప్పై ఒకటి దాటాలి. భారతంలో ఏముంది? చంద్రుడు తన కొడుకుని భూమ్మీదికి పంపుతూ పదహారేళ్లే ఉంటాడని మాట తీసుకున్నాడని ఉంది. ఆ ప్రకారం జూదం నాటికి అభిమన్యుడు మూడేళ్ల పిల్లవాడు. మూడేళ్లవాడు వెన్నెల్లో పడవ ఎక్కి పాట పాడతాడా?

అసలు వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. అది మన జనం చెప్పుకున్న కథ. జనానికి అభిమన్యుడు చిన్న వయసులో చచ్చిపోవడం కడుపు తరుక్కుపోయే సంగతి. వాడికి ఒక పెళ్లి, ఒక ముచ్చట, ఒక వివాహభోజనం పెట్టాలనిపించింది. దానికోసం వయసు పెంచారు. సినిమా యుద్ధం దాకా పోకుండా పెళ్లితోనే ఆగింది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఘటోత్కచుడి దగ్గరైతే వ్యాసుడే ముందుగా జాగ్రత్త పడ్డాడు. రాక్షస స్త్రీలు కడుపున పడ్డ రోజే కంటారని, పుట్టిన బిడ్డ వెంటనే యువకుడైపోయాడని రాసి పెట్టాడు. ఇంక ఆ వయసుని ఎవరు లెక్క కడతారు?

తెర మీది మనుషుల వయసులు ఇంకా తమాషా. మనవడి చేత కాగితం మీద వేయించాను. కృష్ణుడు వేసిన రామారావు గారు 1923లో పుట్టారు. మేనల్లుడు అభిమన్యుడు వేసిన నాగేశ్వరరావు గారు 1924. మామకీ అల్లుడికీ ఏడాది పైచిలుకే తేడా. కృష్ణుడి అన్న బలరాముడు వేసిన గుమ్మడి గారు 1927. అంటే అన్న తమ్ముడి కన్నా నాలుగేళ్లు చిన్న, కాబోయే అల్లుడి కన్నా కూడా చిన్న! ఘటోత్కచుడు రంగారావు గారు 1918, ఆయన్ని కన్నతల్లి హిడింబి సూర్యకాంతం గారు 1924. తల్లి కన్నా కొడుకు ఆరేళ్లు పెద్ద. శశిరేఖని చేసుకోవడానికి వచ్చిన కుర్ర పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు రేలంగి గారు 1910. ఆయనకి అప్పటికి నలభై ఆరు. పిల్ల తండ్రికి ఇరవై తొమ్మిది.

మనవడు పడీపడీ నవ్వాడు. "ఎవరూ పట్టుకోలేదా తాతా?" అన్నాడు. పట్టుకోలేదు. గుమ్మడి గారు నిలబడే తీరులో, మాట్లాడే తీరులో పెద్దరికం ఉంది. హిడింబి కొడుకుని చూసే చూపులో తల్లి ఉంది. అది చాలు మాబోటివాళ్లకి.

ఇంటికి వచ్చాక వాడు అడిగాడు: "తాతా, మేమూ అంతే అన్నావే, ఎందుకన్నావు?"

అప్పుడు ట్రంకుపెట్టె కిందికి దించి నా కాగితాలు వాడి ముందు పరిచాను. మిల్లు కాగితంలో నేను పుట్టింది 1955 జులై 1. బడి సర్టిఫికెట్టులో 1958 జూన్ 1. ఆధార్ కార్డులో 1960. మూడు పాయలు! మా అమ్మ చెప్పింది వేరే, అది నాలుగోది.

మా అమ్మ తొలి కాన్పుకి నెల్లూరు పక్కన పుట్టింటికి పోయింది. మంత్రసాని చేతిలో పుట్టాను. రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. అమ్మ లెక్క ఒకటే: "మాయాబజార్ వచ్చిన ఏడు. ఐదో నెలలో ఉండగా మీ మామ నెల్లూరు తీసుకెళ్లి చూపించినాడు. ఘటోత్కచుడు లడ్లు మింగుతుంటే నువ్వు కడుపులో తన్నినావు. దీపావళికి ముందు పుట్టినావు." చనిపోయేదాకా ఆ మాట మార్చలేదు. అందుకే నా అసలు పుట్టుక 1957 అని నాకు నమ్మకం.

మరి మిగతావి ఎట్లా వచ్చాయి? బడిలో వేసేటప్పుడు అయ్యవారు "ఎన్నేళ్లమ్మా?" అంటే అమ్మ "అయిదండీ" అంది. ఆయన ఆ జూన్ నుంచి అయిదు తీసేసి రాసుకున్నాడు. ఆధార్ శిబిరంలో నా భార్య పక్కనుంచి "యాభై రెండు ఉంటాయి" అంది, ఆ అబ్బాయి కంప్యూటర్లో 1960 కొట్టాడు. ఈ రెండూ పొరపాట్లు. మిల్లుది పొరపాటు కాదు.

మా నాన్న కార్డింగులో పనిచేసేవాడు. దూది ధూళి ఊపిరితిత్తుల్లో చేరి, 1974 నాటికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఇక పని చేయలేని స్థితి. తన చోట కొడుకుని పెట్టించాలి. నా వెనక ముగ్గురు చెల్లెళ్లు. 18 నిండినవాణ్ణే అప్పటి ఫ్యాక్టరీ చట్టం పెద్దవాడనేది. నాకు పదహారు దాటి పదిహేడు నిండలేదు. టైమ్ ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండా "వయసు?" అన్నాడు. మా నాన్న దగ్గుకుంటూ "పంతొమ్మిది" అన్నాడు. పద్దెనిమిది అంటే అనుమానిస్తారని ఒక ఏడు ఎక్కువే వేశాడు. నన్ను కాళ్ల మునివేళ్ల మీద నిలబడమని ముందే చెప్పి పెట్టాడు. నిలబడ్డాను. టోకెను ఇచ్చారు. ఆ రాత్రి నించే మూడో షిఫ్టు.

ఆ మాటకి వడ్డీ 2013లో కట్టాను. జూన్ 30న యాభై ఎనిమిది నిండాయని దండ వేసి పంపించారు. అమ్మ లెక్కన నాకింకా యాభై ఆరు నిండలేదు. రెండేళ్ల మూణ్ణెల్ల జీతం పోయింది. అప్పుడే మా చిన్నవాడి చదువు ఆఖరి సంవత్సరం. ఆపేసి పనికి పోయాడు. "సార్, నేను మాయాబజార్ ఏడాది పుట్టానండీ" అని అడిగితే ఆఫీసులో అందరూ నవ్వారు. వాళ్లు నవ్వడంలో తప్పు లేదనుకుంటాను, వాళ్ల దగ్గర సంతకం చేసిన రిజిస్టరు ఉంది.

మనవడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ముత్తాత అబద్ధం చెప్పాడా?" అన్నాడు. అవును, చెప్పాడు. ఆ అబద్ధంతోనే మీ ముగ్గురు మేనత్తమ్మలకీ పెళ్లిళ్లయ్యాయి అన్నాను. ఇంతకన్నా జవాబు నా దగ్గర లేదు. మా నాన్న మీద నాకు కోపం లేదు. మా చిన్నవాడికి నా మీద కోపం ఉందేమో, ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాలాంటివాళ్లు మన పేటల్లో ఇంటికొకరు ఉన్నారు. మా సందులో ఒకాయన మిల్లు పుస్తకంలో ఒక తేదీ, ఆధార్లో ఒక తేదీ. పెన్షన్ కాగితం పది నెలలు నిలిచిపోయింది. ఆయన భార్య ఆ పది నెలలూ ఇడ్లీ పిండి రుబ్బి అమ్మింది. అందుకని పెద్దవాడిగా నాలుగు మాటలు చెబుతాను, వినండి.

ఇంకా పనిలో ఉన్నవాళ్లు పీఎఫ్ పుస్తకంలో పుట్టిన తేదీ ఏముందో ఈ నెలే చూసుకోండి. 1995 నవంబర్ 16న వచ్చిన పెన్షన్ స్కీము కింద పూర్తి పెన్షన్‌కి 58 నిండాలి, పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆ 58 లెక్క ఆ తేదీ నించే. తప్పుంటే మీరూ మిల్లువాళ్లూ కలిసి సంతకం పెట్టే సవరణ కాగితం ఉంటుంది. మిల్లు నడుస్తున్నప్పుడే ఆ సంతకం తెచ్చుకోండి, మూతపడ్డాక సంతకం పెట్టేవాడు దొరకడం కష్టం. తేదీకి రుజువుగా జనన సర్టిఫికెట్టు, బడి సర్టిఫికెట్టు, పాన్ కార్డు, పాస్‌పోర్టు లాంటివి తీసుకుంటారు. పీఎఫ్ వాళ్లు 2024 జనవరిలో ఆ జాబితాలోంచి ఆధార్‌ని తీసేశారు. కాబట్టి చిన్నప్పటి బడి కాగితం ఉంటే చింపకండి, పెట్టె అడుగున వేసి ఎలకల పాలు చేయకండి.

భార్య కాగితాలు కూడా చూడండి. మనం పోయాక వితంతు పెన్షన్‌కి తిరగాల్సింది ఆవిడే. మనకి కాళ్లు ఉన్నప్పుడు మనమే తిరగడం మేలు.

నా సంగతా? పెన్షన్ నడిచేది మిల్లు తేదీ మీద. అందుకని మిగతా కాగితాలూ దానికే సరిచేయించుకోమని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ పనిమీదే తిరుగుతున్నాను. అది అయిపోతే అన్నిట్లోనూ 1955 ఉంటుంది. నేను నిజంగా పుట్టిన ఏడు ఒక్క కాగితంలోనూ ఉండదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో టీవీలో మాయాబజార్ వేశారు, 2010లో రంగులు అద్దినది. మనవడు ఫోను పక్కన పెట్టి మొత్తం చూశాడు. ఘటోత్కచుడు లడ్ల దగ్గర కూర్చోగానే నా వైపు తిరిగి, "తాతా, ఇక్కడేనా నువ్వు తన్నింది?" అన్నాడు.

ఇక్కడేరా అన్నాను. వాడు లేచి తన లెక్కల నోటుపుస్తకం తెచ్చి, వెనక పేజీలో నా పేరు రాసి, ఎదురుగా 1957 అని వేసుకున్నాడు.