మూడు సెకన్ల పేరు... పన్నెండేళ్ల ప్రయాణం!

2006... కోదాడలో మ్యాట్నీ ఆట. నా పక్కన అమ్మ, ఆ పక్కన నాయన. తెరమీద హీరో ఊరి నుంచి పట్నం బయల్దేరుతుంటాడు. తండ్రి పంచె మడతలోంచి డబ్బులు తీసి మంచం మీద పెడతాడు. హీరో ఆ డబ్బుల్ని చూసి, ఖాళీగా ఉన్న కొట్టం వైపు చూస్తాడు.

'ఎద్దులేవి నాన్నా?'

'అన్నం తిన్నావా?'

అంతే సీను. అప్పటిదాకా ఈలలేస్తున్న కుర్రాళ్లు కూడా ఊరుకున్నారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాయన మాత్రం కదల్లేదు. ఎందుకంటే అవి మా ఇంట్లో మాటలు. 2001లో నేను సినిమాల కోసం హైదరాబాద్ బయల్దేరిన రోజు మా ఇంటి ముందు జరిగిన సంగతి అది. కాకపోతే నేను 'ఎడ్లేవి నాయనా' అన్నాను. సినిమాలో అది 'నాన్నా' అయింది.

ఆట అయిపోయి బయటికొచ్చాక అమ్మ అడిగింది... 'నీ పేరు కనపళ్లేదేందిరా అయ్యా? అక్షరాలు బిరబిరా పోయినయ్. నేనే సదవలేకపోయిన్నా ఏంది?'

అమ్మ తొంభైల్లో మా ఊరికొచ్చిన రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆ సినిమాకి మాటలు రాసిన రచయితగా పడ్డ పేరు వేరే. నేను ఆయన దగ్గర పనిచేసే నలుగురిలో ఒకణ్ని. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. 'అవునమ్మా, తొందరగా పోయింది' అనేశాను.

ఇరవై ఏళ్లకు పైగా సినిమాలకి కథలు, మాటలు రాస్తున్నాను. హీరోలతో నవ్వించే అబద్ధాలు చాలా చెప్పించాను. నేను సొంతంగా ఆడిన అబద్ధాల్లో నన్ను ఎక్కువ కాలం వెంటాడింది మాత్రం అదే!

ఆ రోజుల్లో కృష్ణానగర్

నేను రైటర్ కావాలనుకోవడానికి కారణం చెప్పాలి. 2000లో 'నువ్వే కావాలి', ఆ మరుసటి ఏడాది 'నువ్వు నాకు నచ్చావ్' వచ్చాయి. 'మాటలు: త్రివిక్రమ్' అన్న కార్డు పడగానే హాల్లో చప్పట్లు కొట్టడం నేను కళ్లారా చూశాను. అంతకుముందు మా పెద్దవాళ్లు పింగళి నాగేంద్రరావు గురించీ, ముళ్లపూడి వెంకటరమణ గురించీ, జంధ్యాల గురించీ ఇంట్లోవాళ్లలా చెప్పుకునేవారు. రాసేవాడిక్కూడా ఇంత పేరొస్తుందా అనిపించింది. ఎద్దులమ్మిన డబ్బులు తీసుకుని బస్సెక్కేశాను.

కృష్ణానగర్‌లో ఐదుగురం ఒకే గది. ఒకడు అసిస్టెంట్ డైరెక్టర్, ఒకడు ఎడిటింగ్ నేర్చుకునేవాడు, ఇద్దరు నటులు, నేను. నటుల్లో ఎవడికి వేషం దొరికితే ఆ రోజు మిగిలిన నలుగురికీ భోజనం. మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాక ఒక సీనియర్ రచయిత దగ్గర చేరాను. ఆయన పేరు చెప్పను. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

ఘోస్ట్ అంటే దెయ్యం కాదు!

మా భాషలో ఘోస్ట్ అంటే పేరు లేకుండా రాసేవాడు. పెద్ద రచయిత చేతిలో ఒకేసారి మూడు నాలుగు సినిమాలుంటాయి. సిట్టింగ్‌లో డైరెక్టర్ సీను చెబుతాడు. రాత్రికి మా నలుగురం నాలుగు వెర్షన్లు రాస్తాం. ఒకడి దాంట్లోంచి మొదలు, ఇంకొకడి దాంట్లోంచి పంచ్, మరొకడి దాంట్లోంచి ముగింపు తీసి ఆయన కలిపి రాస్తాడు. పొద్దున్నే ఆ కాగితాలు సెట్‌కి వెళ్లిపోతాయి. నెలాఖరుకి కవర్లో ఐదువేలు. రసీదు ఉండదు. అగ్రిమెంట్ అసలే ఉండదు.

ఇది చదివి ఆయన్ని విలన్‌ని చేయకండి. నాకు పని నేర్పింది ఆయనే. ఆ ఎద్దుల సీనుకి నేను మొదట రాసింది ఏమిటో తెలుసా? పద్నాలుగు డైలాగులు! తండ్రి త్యాగం, మట్టి, చెమట, రుణం... అన్నీ దట్టించాను. ఆయన చదివి కాగితం పక్కన పెట్టి, 'మీ నాన్న నిజంగా ఏమన్నాడయ్యా?' అని అడిగాడు. చెప్పాను. 'ఇంత దగ్గర పెట్టుకుని పద్నాలుగు డైలాగులు ఎందుకు? అదే రాయి' అన్నాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ వాడుతున్నాను. ప్రేక్షకుడికి కళ్లున్నాయి. కొట్టం ఖాళీగా కనపడుతుంటే 'నీకోసం ఎద్దులమ్మాను' అని తండ్రి చెప్పకూడదు. అడిగిన ప్రశ్నకి నేరుగా జవాబిచ్చే మనుషులు కోర్టుల్లో ఉంటారు, ఇళ్లల్లో కాదు. సీను రాశాక మొదటి డైలాగు, చివరి డైలాగు కొట్టేసి చదవండి. చాలాసార్లు సీను అలాగే నిలబడుతుంది. రాసింది పైకి చదవండి. మీ నాలుక తడబడిన చోట నటుడి నాలుకా తడబడుతుంది.

మరి ఆ సీను ఎవరిది? మాట మా నాయనది. కాగితం మీద పెట్టింది నేను. పద్నాలుగులోంచి రెండు మిగిల్చింది ఆయన. అందుకే తెరమీద ఆయన పేరు ఒక్కటే ఉండటం అన్యాయం అని ఎంత అనిపించినా, అంతా నాదే అని కూడా అనలేను. ముగ్గురి పేర్లూ పట్టేంత జాగా టైటిల్ కార్డులో ఉంది. కానీ నేను అడగలేదు. అడిగితే పని పోతుందని భయం. అదీ అసలు సంగతి.

చెప్పిన కథ గాలిలో కలిసింది

ఆయన దగ్గర్నుంచి బయటికొచ్చి సొంతంగా కథ చెప్పడం మొదలుపెట్టాను. 2009లో ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో మూడు సిట్టింగుల్లో రెండున్నర గంటల కథ చెప్పాను. టీలు, బిస్కెట్లు, భుజం మీద చెయ్యి... 'ఇంటర్వెల్ అదిరిందయ్యా' అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక సినిమాకి వెళ్లాను. ఇంటర్వెల్‌కి లేచి నిలబడ్డవాణ్ని బయటికి వెళ్లకుండా అలాగే కూర్చుండిపోయాను. నా ఇంటర్వెల్ అది!

తెలిసిన లాయర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన అడిగింది ఒక్కటే... 'కాగితం ఏదయ్యా?' లేదు. కథంతా నా నోట్లో ఉంది, వాళ్ల చెవుల్లో ఉంది.

అప్పుడు ఆయనే ఆర్.జి. ఆనంద్ కేసు గురించి చెప్పాడు. 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాసిన ఆనంద్, 1956లో వచ్చిన 'న్యూఢిల్లీ' అనే హిందీ సినిమా తన నాటకానికి కాపీ అని కోర్టుకెళ్లాడు. 1978లో సుప్రీంకోర్టు తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, ఆ ఆలోచనని ఎలా మలిచారన్న దానికే ఉంటుంది అన్నది ఆ తీర్పు సారం. అక్కడ నాటకం ఉంది, కాగితం ఉంది. అయినా గెలవలేదు. ఇక నా చేతిలో ఏముంది? కేసు వేయలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు పడుకున్నాను.

అయితే ఆ లాయర్ పుణ్యమా అని కాపీరైట్ చట్టం చదివాను. 'మాయాబజార్' వచ్చిన 1957లోనే చేసిన చట్టం అది. అందులో 57వ సెక్షన్ చదివి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రచన మీద హక్కులన్నీ అమ్మేసినా సరే, 'ఇది రాసింది నేను' అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుందట! నేను కోదాడలో అమ్మ ముందు వదులుకున్నది చట్టం నా దగ్గరే ఉంచింది. నాకే తెలియదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నాలుగు మాటలు

ఇప్పుడు నా దగ్గరికి కుర్రాళ్లు వస్తుంటారు. కథ ఎలా రాయాలో చెప్పమంటారు. ముందు ఇవి చెబుతాను.

ఒకటి... రాయకుండా చెప్పకండి. కనీసం సీన్ ఆర్డర్ అయినా పూర్తిగా రాసి, రచయితల సంఘంలోనో మరో చోటో రిజిస్టర్ చేయించాకే నోరు విప్పండి. రిజిస్ట్రేషన్ దొంగని ఆపదు. కానీ ఫలానా తేదీకి ఈ కథ మీ దగ్గర ఉందని చూపిస్తుంది.

రెండు... కథ చెప్పి వచ్చిన సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి. 'సార్, ఈ రోజు మీకు వినిపించిన కథ సారాంశం ఇది, మీ సమయానికి థ్యాంక్స్' అని. మర్యాదా అయింది, సాక్ష్యమూ అయింది.

మూడు... అడ్వాన్స్ తీసుకునే ముందు అగ్రిమెంట్ చదవండి. హక్కులు రాసివ్వడమంటే నోటిమాట చాలదు, సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని చట్టం. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడి వరకో రాయకపోతే మన దేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతోంది. 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా హాల్లో ఆట కాకుండా వేరే విధంగా మీ రచనని వాడినప్పుడు రావాల్సిన రాయల్టీ వాటాని మీరు వదులుకున్నా చెల్లదు. ఇది పాటల రచయితలకే అనుకుంటారు చాలామంది. సినిమాలో వాడిన రచన ఏదైనా రచనే.

నాలుగు... డబ్బు గురించి ఎంత గట్టిగా మాట్లాడతారో, పేరు గురించీ అంతే గట్టిగా మాట్లాడండి. కార్డు మీద ఏమని పడుతుంది? కథా? మాటలా? రచనా సహకారమా? ఒంటరిగానా, ఇంకెవరితోనైనానా? ఇవి సిగ్గుపడాల్సిన ప్రశ్నలు కావు.

ఐదోది కూడా ఉంది. మీ దగ్గర నలుగురు పనిచేసే రోజు వస్తే, మీకు జరిగింది వాళ్లకి చేయకండి. మా సీనియర్ కూడా ఒకప్పుడు మద్రాసులో పేరు లేకుండా రాసినవాడే. ఆయనకి జరిగిందే ఆయన చేశాడు. అందుకే పేరు చెప్పనన్నాను. ఇది ఒక మనిషి తప్పయితే ఆయన పేరు చెబితే సరిపోయేది.

అమ్మ చదివిన కార్డు

2013లో మొదటిసారి నా పేరు పడింది. చిన్న సినిమా. చివరి చెక్కు బౌన్స్ అయింది, సినిమా వారంలో వెళ్లిపోయింది, మా కోదాడకి రానేలేదు. తెరమీద నా పేరు ఉన్నది మూడు సెకన్లు. హైదరాబాద్‌లో ఒక్కణ్నే కూర్చుని చూసుకున్నాను. ఆ తర్వాత కొన్ని ఆడాయి, కొన్ని పోయాయి. అమ్మని ఎప్పుడు రమ్మన్నా 'నాకు కండ్లు సరిగ్గ ఆనవు, మీరు పోండి' అనేది. వయసు అనుకున్నాను.

నిరుడు సంక్రాంతికి ఊరెళ్లాను. నేను రాసిన సిరీస్ ఒకటి ఓటీటీలో ఉంటే అక్క కూతురు టీవీలో పెట్టింది. పేర్లు మొదలవగానే అలవాటుగా 'స్కిప్ ఇంట్రో' నొక్కేసింది. 'వెనక్కి పెట్టవే' అన్నాను. పెట్టి, నా పేరు దగ్గర ఆపింది. అమ్మ మంచం దిగి టీవీ దగ్గరికొచ్చింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ఇంటిపేరు దగ్గర ఒత్తు కూడా వదల్లేదు.

అప్పుడు చెప్పేశాను... 'అమ్మా, ఆ రోజు కోదాడలో నా పేరు పడలేదు. నీకు అబద్ధం చెప్పిన.'

అమ్మ కాసేపు టీవీ వైపే చూసింది. నాయన ఉంటే ఏమనేవాడో తెలియదు, బహుశా అన్నం తిన్నావా అనేవాడు. అమ్మ మాత్రం నా వైపు తిరిగి అంది...

'అయితే ఆ పొద్దు నేను సక్కగనే సదివిన్నన్నమాట! నాకు సదువు రాదనుకొని గదా అప్పటిసంది సినిమాకు రావుడే మానేసిన!'