పాలసీసాలో పిండి కలుపవచ్చునా?

చంటిబిడ్డ గల యింట నడిరేయి దాటిన పిమ్మట దీపము వెలుగుచుండుట వింత కాదు. బిడ్డ లేచి యేడ్చును. తల్లి పాలిచ్చి జోకొట్టును. ఆమె కన్ను మూతపడునంతలో మరల ఏడ్పు. ఇట్లు రెండు మూడు నెలలు గడచునప్పటికి తల్లి డస్సిపోవును. అప్పుడు ఇంటి పెద్దలో, ఇరుగుపొరుగు అమ్మలక్కలో ఒక యుపాయము చెప్పుదురు. “పాలు చాలక ఏడుస్తున్నాడే అమ్మాయీ! సీసాలో ఒక చెంచాడు బియ్యప్పిండి కాచి కలిపి పట్టు. తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోతాడు.”

ఈ మాట చెప్పువారు బిడ్డ మేలు కోరువారే. ఐనను ఈ యుపాయము మంచిది కాదని మేము చెప్పక తప్పదు. ఏల కాదో కారణములతో విన్నవించుచున్నాము.

మా బంధువులలో నొక చిన్నది తొలిచూలు బిడ్డ నెత్తుకొని మూడవ నెలలో అత్తవారింటికి వచ్చినది. రాత్రులందు బిడ్డకు సీసాపాలు పట్టుచుండిరి. పొరుగామె సలహాపై పాలలో పిండి కలిపిరి. పాలు చిక్కబడి పీకనుండి రాకుండుటచే, సూది కాల్చి పీక రంధ్రమును పెద్దది చేసిరి. ఆ రాత్రి బిడ్డకు పొలమాఱి ఊపిరి తిరుగక మొగము నల్లబడినది. బోర్లించి వీపు తట్టగా దైవకృపచే తేఱుకొన్నాడు గాని, ఆ తల్లికి మఱి వారము దినములు నిద్ర లేదు. నిద్ర కొఱకు చేసిన పని ఉన్న నిద్రనే పోగొట్టినది.

ఇంతకును పిండివలన నిద్ర వచ్చునా? ఈ యలవాటు మన దేశమున మాత్రమే కాదు, అమెరికాలోను చిరకాలముగా నున్నది. కావున అచటి క్లీవ్‌లండు నగర వైద్యులు దీనిని పరీక్షించి 1989లో ఫలితమును ప్రకటించిరి. 106 మంది శిశువులను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు ఐదు వారముల వయసునుండియు, రెండవ తెగకు నాలుగు నెలల వయసునుండియు, పడుకొనుటకు ముందు సీసాలో బియ్యపుపిండి కలిపి యిచ్చిరి. నిద్రలో రెండు తెగలకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. బిడ్డ రాత్రియంతయు నిద్రించుట మెదడు ఎదుగుదలను బట్టి వచ్చునది గాని కడుపులోని బరువును బట్టి వచ్చునది కాదు. తొలి నెలలలో బిడ్డ కడుపు చిన్నది. తల్లిపాలు శీఘ్రముగా జీర్ణమగును. కావున మాటిమాటికి లేచుట సహజము.

ఇక బిడ్డ శరీరము పిండికి సిద్ధముగా నున్నదా యని చూతము. పిండిని అరిగించు రసము క్లోమమునుండి తొలి నెలలలో మిక్కిలి కొద్దిగా ఊరును. చెంచా నోటబెట్టిన బిడ్డ నాలుకతో వెలికి నెట్టివేయును. అది మొండితనము కాదు, ప్రకృతి పెట్టిన కావలి. నాలుగు మొదలు ఆఱు నెలల నడుమ ఈ స్వభావము క్రమముగా తగ్గును. సీసాలో పిండి కలుపుట ఈ కావలిని తప్పించి దొడ్డిదారిన ఆహారమును పంపుటయే. పాలతోపాటు పిండియు పోవుటచే బిడ్డ అవసరమునకు మించి పుచ్చుకొనవచ్చును; లేదా పిండితో కడుపు నిండి పాలు తగ్గించుకొనవచ్చును. రెండును నష్టములే. పైగా పిండి అంటిన సీసా, పీక శుభ్రపడుట కష్టము. అందు క్రిములు చేరి విరేచనములు పట్టుకొనును.

కొందఱు బిడ్డలు త్రాగిన పాలు కక్కుచుందురు. బరువు పెరుగుచు, ఉత్సాహముగా నున్నచో భయములేదు. ఏడాది నిండులోపల చాలమందికి తగ్గును. కక్కుట మిక్కుటమైనపుడు పాలను చిక్కజేయుమని వైద్యుడు చెప్పుటయు కలదు. అది వైద్యుడు బిడ్డను చూచి, కొలత చెప్పి చేయించవలసిన చికిత్స. ఇంటి చిట్కా కాదు. బిడ్డ బరువు పెరుగకున్నను, దినమునకు ఆఱుసారులైన మూత్రము పోయకున్నను, పచ్చగా వాంతి చేసుకొన్నను జాగుచేయక వైద్యునికి చూపవలెను.

మఱి ధాన్యము ఎప్పుడు? ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలే చాలుననియు, పిమ్మట ఇతరాహారము మొదలిడి రెండేండ్లు, ఆ పైనను తల్లిపాలు మానరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 1992లో చేసి 2003లో సవరించిన చట్టము పాలపొడులను, పాలసీసాలను, శిశువుల ఆహారములను ప్రకటనలతో ప్రచారము చేయుటను నిషేధించినది. మన యిండ్లలో ఆఱవ మాసమున అన్నప్రాశన చేయుట ఆచారము. ఐతే ఆఱవ నెల వచ్చుట వేఱు, ఆఱు నెలలు నిండుట వేఱు. ముహూర్తమునకు పాయసము పెదవికి తాకించి వేడుక జరుపుకొనవచ్చును. దినదినాహారము మాత్రము ఆఱు నిండిన పిదపనే.

ఆ పిదపనైనను సీసాలో వలదు. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టుకొని గిన్నెతో, చెంచాతో తినిపించవలెను. మొలకెత్తించి ఎండబెట్టి విసరిన రాగిపిండి జావ, మెత్తగా మెదిపిన పెసరపప్పన్నము, కొంచెము నేయి మంచివి. జావ నీళ్లవలె జాఱక చెంచాపై నిలుచునంత చిక్కగా నుండవలెను. మొదట రెండు మూడు చెంచాలు, దినమునకు రెండు మూడు సారులు. పిమ్మట మెల్లమెల్లగా పెంచవచ్చును. ఉప్పు, పంచదార అక్కఱలేదు. తేనె ఏడాది నిండువఱకు నాలుకకైనను రాయరాదు. నమలుట, మ్రింగుట బిడ్డ నేర్చుకొనవలసిన విద్యలు. సీసా వానిని నేర్పదు.

సోదరీమణులారా! పిండి అడిగినది బిడ్డ కాదు, తల్లి యలసట. కావున మందు వేయవలసినది ఆ యలసటకు. రాత్రి మేల్కొనుట తల్లి యొక్కతె పని కాదు. పాలిచ్చుట ఆమె వంతైనచో, త్రేన్పు తీయించుట, జోకొట్టుట భర్తయు, అత్తగారును పంచుకొనవచ్చును. పగలు బిడ్డ నిద్రించినపుడు ఇంటిపని ఆపి ఆమెయు నిద్రించునట్లు చూడవలెను. మూడు నెలల బిడ్డ తల్లి కన్నులు వాచి మీ యెదుట కూర్చున్నపుడు పిండి మాట చెప్పకుడు. “బిడ్డను ఇలా ఇచ్చి నీవు కాసేపు పడుకో తల్లీ” అని చెప్పి చేతులు చాపుడు. అంతకు మించిన సహాయము లేదు.