పామాయిల్ రాక - ఊబి నేలల లెక్క

కౌలాలంపూర్ నుంచి "తోటల ప్రాంతాల్లో భారీ వర్షాలు" అన్న కబురు రాగానే వాన పడింది గనుక గెలలు బాగా వస్తాయనీ, ధరలు మెత్తబడతాయనీ లెక్క వేసే దళారులు వున్నారు. గట్టి నేలల్లోని తోటల విషయంలో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. కాని మలేషియా, ఇండోనేషియాల పామాయిల్ తోటల్లో చెప్పుకోదగ్గ భాగం గట్టి నేల మీద లేదు, ఊబి మీద వుంది. అక్కడ వాన ఎక్కువైనా సరుకు తగ్గుతుంది, తక్కువైనా తగ్గుతుంది. మొదటిది వారం రోజుల్లో తెలుస్తుంది. రెండవది తెలియటానికి ఏడాది పట్టవచ్చు.

సుమత్రా తూర్పు తీరంలోను, బోర్నియో దీవిలోని సారావాక్, కాలిమంతాన్ పల్లపు ప్రాంతాల్లోను వేల సంవత్సరాలుగా అడవి చెట్ల ఆకులు, కొమ్మలు, వేళ్ళు నిలవ నీటిలో పడి, గాలి తగలక, కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయాయి. దీనినే పీట్ అంటారు. పూర్తిగా చివికి నల్లని ముద్దగా మారినదానికి మక్ అని పేరు. కొన్నిచోట్ల దీని మందం 10 మీటర్లు దాటుతుంది. బరువులో నూటికి 90 వంతుల వరకు నీరే. పిడికెడు తీసి పిండితే టీ డికాక్షన్ వంటి నీరు కారుతుంది. ఇండోనేషియాలో ఈ నేలలు సుమారు కోటిన్నర హెక్టార్లు, మలేషియాలో సుమారు 25 లక్షల హెక్టార్లు వున్నాయని అంచనా. మలేషియా భాగంలో ఎక్కువ సారావాక్‌లోనే వుంది. 2015 నాటి ఉపగ్రహ చిత్రాల లెక్క ప్రకారం మలేషియా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియోల పీట్ నేలల్లో పెద్ద కంపెనీల పామాయిల్ తోటలే సుమారు 30 లక్షల హెక్టార్లు.

ఇటువంటి నేలలో తోట వేయాలంటే ముందు కాల్వలు తవ్వి నీటిమట్టాన్ని 40 నుంచి 60 సెంటీమీటర్ల దిగువకు దించాలి. నేల పులుపు. రాగి, జింకు, బోరాన్, పొటాష్ బయటనుంచి వేయాలి. ఇంతవరకు ఖర్చుతో పోయే వ్యవహారం. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. నీరు దిగిన పీట్‌కు గాలి తగలగానే ఆగిన కుళ్ళుడు తిరిగి మొదలవుతుంది. నేల బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. సుమత్రాలో తీసిన కొలతలను బట్టి మొదటి 5 సంవత్సరాల్లో నేల దాదాపు 1.4 మీటర్లు కుంగింది. ఆ తర్వాత ఏటా సుమారు 5 సెంటీమీటర్లు. 25 ఏళ్ళ తోట ఆయుష్షులో ఇది రెండున్నర మీటర్లకు చేరువవుతుంది. వేళ్ళకు పట్టు దొరకక చెట్లు ఒరిగిపోతాయి. కుంగినకొద్దీ కాల్వ లోతు చేయాలి, లోతు చేసినకొద్దీ నేల మరింత కుంగుతుంది. అసలును వడ్డీ క్రింద పంచుకు తినటం వంటిదే ఇది. చివరకు తోట మట్టం నదిమట్టానికి దిగితే నీరు తనంత తాను బయటకు పోదు. పంపులు పెట్టాలి, లేదా వదులుకోవాలి.

ఇక వానల మాట. సారావాక్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాల జోరు. కుంగిన తోటల్లో నీరు నిలుస్తుంది, రోడ్లు దిగబడతాయి, కోత కూలీలు దిగలేరు. కోసిన గెలలు మిల్లుకు ఒక రోజులో చేరకపోతే ఎఫ్.ఎఫ్.ఎ. పెరుగుతుంది. ముడి పామాయిల్ బేరాల్లో సాధారణంగా 5 శాతం హద్దు గనుక, ఇటువంటి వారాల్లో సరుకు పరిమాణంతోపాటు నాణ్యం కూడా చూసుకోవలసిందే.

ఎండలు వేరు కథ. ఒకసారి బాగా ఎండిన పీట్ మళ్ళీ నీటిని సరిగా పీల్చుకోదు, నిప్పు మాత్రం వెంటనే అంటుకుంటుంది. భూమి లోపల రాజుకున్న మంట వారాల తరబడి ఆరదు. 1995లో అధ్యక్షుడు సుహార్తో మధ్య కాలిమంతాన్‌లో 10 లక్షల హెక్టార్ల వరి పథకమని కాల్వలు తవ్వించారు. వరి పండలేదు. 1997 ఎల్‌నినో ఏడాదిలో ఆ ఎండిన నేలలు భారీగా తగులబడ్డాయి. 2015లో మరో ఎల్‌నినో వచ్చింది. ఇండోనేషియా మొత్తంమీద సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. వ్యాపారికి కావలసింది ఏమంటే, ఎండ దెబ్బ చెట్టు మీద ఆడ పూగుత్తుల దశలోనే పడుతుంది. గెలల్లో ఆ లోటు 6 నెలల నుంచి 2 సంవత్సరాల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. పొగ వార్త వచ్చిన రోజున ఎగబడి కొని, ఆరు నెలలకు విసిగి అమ్ముకుంటే, అసలు లోటు వచ్చేసరికి చేతిలో సరుకు వుండదు.

మన గోదావరి జిల్లాల తోటలకు ఈ బాధ లేదు. పెదవేగి పరిసరాల్లో పామాయిల్‌కు నీరు పెట్టటం సమస్య, అక్కడ నీరు తీయటం సమస్య. అయితే మన దిగుబడి దేశ అవసరానికి ఏ మూలకూ రాదు. దిగుమతులకే చూడాలి.

విస్తీర్ణం పెరుగుతుందిలే అన్న ధీమాకు కూడా మునుపటి బలం లేదు. పీట్ తోటల్లో నీటిమట్టం 40 సెంటీమీటర్ల కంటే దిగువకు పోరాదని 2016లో ఇండోనేషియా నిబంధన తెచ్చింది. మట్టం అంత పైన వుంటే వానల్లో తోట త్వరగా మునుగుతుంది. ఆర్.ఎస్.పి.ఒ. ధ్రువపత్రం కావలసిన కంపెనీలు 2018 నవంబరు తర్వాత పీట్ మీద కొత్త తోటలు వేయటానికి వీలులేదు. పాత తోటలు తిరిగి నాటే వయసుకు వచ్చినచోట రెండవ పంట వేయాలా, వదలాలా అన్నది యజమానుల ముందున్న ప్రశ్న.

మలేషియా పామాయిల్ బోర్డు ప్రతి నెలా 10వ తేదీ ప్రాంతంలో ఇచ్చే ఉత్పత్తి లెక్కల్లో సారావాక్‌కు విడిగా ఒక వరుస వుంటుంది. మొత్తం అంకె మీదనే బేరం కుదుర్చుకునేవారు శీతాకాలపు నెలల్లో ఆ వరుసను కూడా చూడటం మంచిది.