మిషన్ బందైనా రేడియేషన్ బందుగాదు

ఎక్స్‌రే మిషన్ బందు జేస్తే ఎక్స్‌రేలు ఆగిపోతయి. పెద్ద పార్టికల్ యాక్సిలరేటర్ అట్ల గాదు. కణాల ధార ఆగినంక గూడ దాని చుట్టున్న ఇనుము, రాగి, కాంక్రీటు రేడియేషన్ ఇడుస్తనే ఉంటయి. దీన్నే యాక్టివేషన్ అంటరు. ఇది సైంటిస్టుల ముచ్చటే గాదు, లోపలికి పోయి పానాలు పట్టేటోళ్లది, రేపు ఆ తుక్కు మోసేటోళ్లది గూడ అని నేనంట.

జెనీవా దగ్గర సెర్న్ వాళ్ల ఎల్‌హెచ్‌సీ 27 కిలోమీటర్ల చుట్టు సొరంగం. అండ్ల ఉరికే ప్రోటాన్లు కొన్ని పక్కకు పోయి లోహానికి గుద్దుకుంటయి. పరమాణు కేంద్రాలు పగిలి న్యూట్రాన్లు చెదురుతయి. స్టీలుల చిటికెడు కోబాల్ట్ ఉంటది. అది న్యూట్రాన్‌ను మింగితే కోబాల్ట్-60 అయితది. దాని జోరు సగానికి తగ్గాలంటే 5.27 ఏండ్లు పడ్తది. అల్యూమినియంల పుట్టే సోడియం-24కు 15 గంటలు చాలు. గందుకే ఎన్ని రోజులు ఆగి లోపలికి పోవాలె అన్నదానికి ఏ లోహం వాడిన్రన్నదే జవాబు.

కొలుసుడు ఎట్ల? జర్మేనియం డిటెక్టర్ ముందట ముక్క పెడ్తరు. ఒక్కో ఐసోటోపు గామా కిరణాలకు సొంత శక్తి ఉంటది, మనిషికి ఏలిముద్ర ఉన్నట్టు. 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రెండు గీతలు లేస్తే అది కోబాల్ట్-60.

కట్టకముందు కొలిచేటందుకు ఏం ఉండది. గందుకే ఫ్లూకా లాంటి ప్రోగ్రాంలతోని కంప్యూటర్ల లెక్క గడ్తరు. లక్షల కణాలను ఒక్కొక్కటిగ ఇడిసి, పాచికలేసినట్టు దేనికి గుద్దుకుంటదో చూస్తరు. ఆ లెక్క నిజమా కాదా అని సెర్న్‌ల స్టీలు, రాగి, కాంక్రీటు ముక్కలను కిరణాల కింద పెట్టి, కొలిచి సరిచూసిన్రు. ఒక్క మెలిక ఉన్నది. స్టీలుల ఎంత కోబాల్ట్ ఉన్నదో కాయితంల రాయకపోతే కంప్యూటర్‌కు గూడ తెల్వది. సరుకు కొనేకాడ్నే పనోళ్ల డోసు సగం ఖరారైతది.

మన హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానల్ల గూడ చిన్న యాక్సిలరేటర్లున్నయి. 10 మెగావోల్టులు దాటి నడిచే మిషన్ల తలకాయల కొంత యాక్టివేషన్ అయితది. ఎక్కువ భాగం నిమిషాలల్ల, గంటలల్ల తగ్గుతది, భయపడే పని లేదు. కానీ పాత మిషన్ ఇప్పేటప్పుడు కొలువాల్సిందే.

2010ల ఢిల్లీ మాయాపురిల ఏమైంది? అది యాక్సిలరేటర్ గాదు, యూనివర్సిటీ వేలమేసిన పాత కోబాల్ట్-60 పరికరం. కొలువకుండ తుక్కు దుకాణానికి చేరింది. ఒక కార్మికుని పానం పోయింది. వేరే మిషనే గనీ, తప్పు ఇదే.

నేనడిగేది చిన్నదే. తుక్కు లారీకి తూకం చిట్టీ ఉన్నట్టే, ఇప్పిన మిషన్‌కు రేడియేషన్ కొలత చిట్టీ ఉండాలె. అది మోసేటోని చేతికి, వానికి సమజయ్యే భాషల ఇయ్యాలె.