దూరపు యుద్ధం, దగ్గరి తగువు

అరిసెలకు ఇద్దరు కావాలి. ఒకరు పాకం పిండి తట్టి నూనెలో వేస్తుంటే, రెండోవాళ్లు వేగినవాటిని తీసి చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. మిషిగన్‌లో మా సంక్రాంతి వంటకు ఏటా ఆ జంట ఒకటే. ఒక వదిన, ఆవిడను అక్కా అని పిలిచే ఒక చెల్లి. 2025 సంక్రాంతికి చెల్లి రాలేదు. వాళ్ల మధ్య డబ్బు పేచీ లేదు, మాటపట్టింపు లేదు. గాజా యుద్ధం వచ్చింది. "నీలాంటివాళ్ల ఓట్ల వల్లే కదమ్మా ఇదంతా" అని వదిన ఒక్కమాట అంది. అంతే.

2024 ఫిబ్రవరి 27న మా రాష్ట్ర డెమోక్రాటిక్ ప్రైమరీలో లక్షమందికి పైగా ఏ అభ్యర్థినీ ఎంచుకోకుండా 'అన్‌కమిటెడ్' గడి నింపారు. గాజాలో కాల్పులు ఆగేలా బైడెన్ మీద ఒత్తిడి తేవాలన్నది ఆ పిలుపు ఇచ్చినవాళ్ల ఉద్దేశం. నవంబరులో ట్రంప్ సుమారు 80 వేల ఓట్ల తేడాతో ఇక్కడ గెలిచాడు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి "మీ వల్లే ఓడిపోయాం" అన్నవాళ్లున్నారు. "మా గోడు వినుంటే ఓడేవాళ్లు కాదు" అన్నవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరిలో ఆ గడి నింపినవాళ్లు నవంబరులో ఎటు వేశారో ఆ అంకెలు చెప్పవు. అయినా నిందకు అంత లెక్క అక్కర్లేదు.

దూరపు యుద్ధం పేరుతో ఇలా నిందించుకోవడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది. నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనాది దురాక్రమణేనని తీర్మానించింది. పార్టీలో ఒక వర్గానికి ఆ తీర్మానం మింగుడుపడలేదు. నెల తిరిగేసరికి యుద్ధం ఆగింది గానీ, పార్టీలో తగువు ఆగలేదు. 1964 ఏప్రిల్‌లో 32 మంది జాతీయ సమితి సమావేశం నుంచి లేచి బయటికి వచ్చారు. జూలైలో తెనాలిలో వేరుగా సదస్సు పెట్టుకున్నారు. ఆ ఏడు చివర్లో కలకత్తాలో ఏర్పడిన కొత్త పార్టీ సి.పి.ఎం.కు పుచ్చలపల్లి సుందరయ్య ప్రధాన కార్యదర్శి అయ్యారు. పాత పార్టీ సి.పి.ఐ. పగ్గాలు చండ్ర రాజేశ్వరరావు చేతికి వచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని కలిసి నడిపిన ఇద్దరు తెలుగువాళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. పాత పార్టీని కొత్తవాళ్లు కాంగ్రెస్ తోక అన్నారు, కొత్తవాళ్లను పాతవాళ్లు చైనా భక్తులన్నారు.

1962 ఎన్నికల్లో ఉమ్మడి పార్టీకి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 సీట్లు వచ్చాయి. 1967లో సి.పి.ఐ.కి 11, సి.పి.ఎం.కు 9. ఓట్లు చెరో ఏడు శాతం పైచిలుకు, అంటే దాదాపు సమానం. ఎవరి దారి సరైనదో జనం తేల్చి చెప్పలేదు. ఇద్దరినీ చిన్నవాళ్లను చేశారు.

ఆ తగువుకు మూలం హిమాలయాల్లో లేదు. కాంగ్రెస్ ప్రభుత్వంతో చెలిమి చేయాలా, పోరాడాలా అన్న మథనం యుద్ధానికి ఏళ్ల ముందే పార్టీని తొలుస్తోంది. యుద్ధం దాన్ని రాజేసింది. దూరపు యుద్ధం మీద మనం ఇంత కోపంగా మాట్లాడుకుంటున్నామంటే, ఇంట్లో తేలని ప్రశ్న ఒకటి ఉందని అర్థం. నింద మొదలయ్యాక ఆ ప్రశ్న అడిగేవాళ్లుండరు.

ఆంధ్రలో మా ఊరు రాజయ్యపేట. నక్కపల్లి మండలంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. దూరపు దేశాల సంగతులు మా ఊరి గుమ్మం దాకా వస్తాయి. మందుల ముడిసరుకు కోసం చైనా మీద ఆధారపడటం తగ్గించాలని కేంద్రం 2020లో బల్క్ డ్రగ్ పార్కుల పథకం తెచ్చింది. దేశంలోని మూడు పార్కుల్లో ఒకటి నక్కపల్లికి వచ్చింది. దాని ప్రయత్నం రాష్ట్రంలో గత ప్రభుత్వం నాటిది, శంకుస్థాపన 2025 జనవరి 8 నాటిది. "తెచ్చింది మీవాళ్లే", "కట్టేది మీవాళ్లే" అని పోట్లాడుకోవడానికి కావలసినంత సరంజామా ఉంది. కానీ ఆ ఏటి శరదృతువులో మత్స్యకారులు వేట పోతుందన్న భయంతో శిబిరం వేసి కూర్చున్నారు, అక్టోబరులో జాతీయ రహదారి మీదికీ వచ్చారు. "ఎవరికి వేశావని అడిగితే శిబిరంలో సగం చాపలు ఖాళీ అయిపోతాయమ్మా" అంది మా పిన్ని ఫోన్లో.

చిన్నప్పుడు మా రేవులో అలివి వల లాగడం చూసేదాన్ని. వలకు రెండు కొసలు. రెండు తాళ్ల దగ్గరా రెండు గుంపులు. రెండు గుంపులూ ఇసుకలో మడమలు దిగేసి లాగుతూ మెల్లమెల్లగా దగ్గరికి జరుగుతాయి. ఒక గుంపు తాడు వదిలితే రెండో గుంపు ఎంత గట్టిగా లాగినా చేప మిగలదు.

ఈ ఏటి సంక్రాంతికి ముందు వదినే చెల్లి ఇంటికి వెళ్లింది. ఎవరికి వేశావని అడగలేదు. "ఆ రోజు నీ మనసులో ఏముందమ్మా?" అని అడిగింది. తన కొడుకు ఈడు పిల్లవాణ్ణి శిథిలాల్లోంచి తీస్తుండగా టీవీలో చూశానంది చెల్లి. మా అబ్బాయి వీసా ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టలేదు, ఆ భయమే నీ మీద కోపమైంది అంది వదిన. ఇద్దరి ఓట్లూ మారలేదు. మర్నాడు వంటశాలలో చెక్కలు మళ్లీ చెల్లి చేతిలో ఉన్నాయి.