ఓడిన ఆటతోనే ఎక్కువ పని

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం పోటీల్లో కోనేరు హంపి తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది. మిగిలిన పది రౌండ్లలో 8.5 పాయింట్లు రాబట్టి, 2019లో మాస్కోలో అందుకున్న కిరీటాన్ని 37 ఏళ్ల వయసులో రెండోసారి అందుకుంది. ఇలాంటి కబురు వినగానే బడి ప్రార్థన దగ్గర్నుంచి సన్మాన సభ దాకా ఒకే మాట వినిపిస్తుంది: పట్టు వదలకపోతే గెలుపు తథ్యం. చెప్పేవాళ్లకు పైసా ఖర్చు లేని సలహా ఇది. ప్రపంచ స్థాయి పోటీకి వచ్చి కూర్చున్నవాళ్లలో పట్టుదల లేనివాళ్లెవరు? అందరికీ ఉన్నదే ఒకరిని గెలిపించిందనడం కుదరదు. చదరంగం చరిత్ర తిరగేస్తే తేలేది వేరు. ఓటమి తనంతట తాను ఏమీ నేర్పదు. ఓడిన ఆటను మళ్లీ బల్ల మీద పరిచి, ఎక్కడ చెడిందో వెతికినవాళ్లకే అది పాఠం. ఆ పైన, మరో ఆట ఆడే వీలుంటేనే ఆ పాఠం అక్కరకొస్తుంది.

వెతకడానికి చదరంగంలో ఉన్న సదుపాయం చాలా ఆటల్లో లేదు. క్లాసికల్ పోటీల్లో ప్రతి ఎత్తునూ ఆటగాళ్లు తమ చేత్తోనే కాగితం మీద రాసుకోవాలి, అది నిబంధన. కబడ్డీలో జారిపోయిన పట్టు అక్కడితో సరి. ఇక్కడ 23వ ఎత్తులో గుర్రాన్ని ఎక్కడికి దూకించి ఆట పాడుచేసుకున్నారో ఇరవై ఏళ్ల తర్వాతైనా కనిపిస్తుంది. ఓటమిని పాచికల మీద నెట్టలేం, పిచ్ మీద నెట్టలేం. ఈ కాగితాన్ని అందరికన్నా కఠినంగా చదివినవాడు సోవియట్ ఆటగాడు మిఖాయిల్ బోత్విన్నిక్. 1957లో స్మిస్లోవ్ చేతిలో ప్రపంచ కిరీటం పోగొట్టుకుని 1958లో తిరిగి గెలిచాడు. 1960లో తాల్ అనే కుర్రాడు 12.5-8.5తో ఆయన్ను చిత్తు చేస్తే, 49 ఏళ్ల వయసులో 1961లో 13-8తో బదులు తీర్చుకున్నాడు. తన ఆటల్ని తానే విమర్శించుకోవడం ఆయన పద్ధతి. అయితే కథలో అందరూ దాటేసే భాగం ఇంకోటుంది. ఓడిన ఛాంపియన్ మళ్లీ తలపడే హక్కు అప్పట్లో నిబంధనల్లోనే ఉండేది. ఆ హక్కు రద్దయ్యాక, 1963లో పెట్రోస్యాన్ చేతిలో ఓడిన బోత్విన్నిక్ మరి ఆ కిరీటం కోసం ఆడనే లేదు. మనిషి అదే, పద్ధతి అదే. లేనిదల్లా తర్వాతి ఆట.

చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ విషయమూ చూడండి. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో ఏడో రౌండ్‌లో ఫిరౌజా చేతిలో ఓడాడు. పదమూడో రౌండ్‌లో అదే ఫిరౌజాను ఓడించి, మొత్తం 14 గేముల్లో 9 పాయింట్లతో 17 ఏళ్లకే టోర్నీ గెలిచాడు. ఆ ఏడాది చివర సింగపూర్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో ప్రపంచ కిరీటం పోరులో తొలి గేమ్, అదీ తెల్లపావులతో, పోగొట్టుకున్నాడు. మూడో గేమ్‌లో సరిచేశాడు. పదమూడు గేములయ్యేసరికి స్కోరు సమం. డిసెంబరు 12న జరిగిన చివరి గేమ్ డ్రా దిశగా నడుస్తుండగా, 55వ ఎత్తులో డింగ్ ఏనుగును జరపకూడని చోటికి జరిపాడు. ఏనుగులు, శకట్లు మారిపోయాయి, మిగిలిన రాజు-బంట్ల ఆటలో డింగ్‌కు దారి లేదు. ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది, వచ్చింది కూడా. ఎదుటివాడి పొరపాటుతో వచ్చిన కిరీటం ఏం గొప్ప అన్నారు కొందరు. క్రామ్నిక్ లాంటి మాజీ ఛాంపియనే ఆట స్థాయిని తప్పుపట్టాడు. పొరపాటు డింగ్‌దే, సందేహం లేదు. కానీ ఒక్క బంటు మిగులుతో, డ్రాకు ఒప్పుకుంటే ఎవరూ తప్పుపట్టని స్థితిలో, గంటల తరబడి ప్రత్యర్థి ముందు సమస్యలు పెడుతూ కూర్చున్నది గుకేశ్. అలసిన మనిషి తప్పు చేయడానికి చోటు కావాలి. ఆ చోటు ఊరికే ఏర్పడదు. (ఓడిపోయిన ఆటను కూడా చివరి బంటు దాకా లాగాలని దీనర్థం కాదు, గ్రాండ్‌మాస్టర్లు ఆశ లేని ఆటను హుందాగా వదిలేసి, ఆ ఓపికను రేపటికి దాచుకుంటారు.)

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. గెలిచినవాళ్ల ఓటములే మనం చెప్పుకుంటాం, అంతే శ్రమపడి గెలవనివాళ్ల సంగతేమిటి? న్యాయమైన ప్రశ్న. గుంటూరు ఆటగత్తె ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017 మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు మూడింట్లోనూ సెమీఫైనల్లో ఆగి కాంస్యంతో తిరిగొచ్చింది. హంపి కూడా 2011లో టిరానాలో ప్రపంచ కిరీటం పోరులో హౌ యిఫాన్‌పై ఒక్క గేమూ గెలవకుండా 5.5-2.5తో ఓడింది, 2025 జులైలో బతూమి మహిళల ప్రపంచకప్ ఫైనల్లో తన వయసులో సగమున్న దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. కాబట్టి తప్పులు దిద్దుకుంటే కిరీటం ఖాయమనే హామీ ఎవరూ ఇవ్వకూడదు. దక్కేది కిరీటం కాకపోవచ్చు, ఆట మెరుగుపడటం మాత్రం దక్కుతుంది. 2005లో మనస్తత్వవేత్త నీల్ చార్నెస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో ఆటగాళ్ల స్థాయిని అన్నిటికన్నా బాగా సూచించింది ఒంటరిగా కూర్చుని చేసిన సాధన గంటలే. ఆడిన పోటీలు అంతగా కాదు. ఇప్పుడు ఫోన్‌లోని చదరంగం ఇంజిన్ తప్పును క్షణంలో చూపిస్తుంది కదా అంటారు. చూపిస్తుంది, అదే చిక్కు. ముందు తానుగా వెతకని పిల్లవాడికి ఇంజిన్ జవాబు, లెక్క చేయకుండా చివరి పేజీలో ఫలితం చూసుకున్నట్టే.

ఇదంతా కర్నూలు జిల్లా కోసిగి నుంచి చూస్తే మరోలా కనిపిస్తుంది. హంపికి శిక్షణ ఇవ్వడానికి తండ్రి అశోక్ ఉద్యోగం వదులుకున్నారు. గుకేశ్ తండ్రి వైద్య వృత్తిని పక్కనపెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగారు. వాన మీద ఆధారపడిన ఈ పడమటి కర్నూలు పల్లెల్లో తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకెళ్లేది సుగ్గికి, అంటే వలస కూలి పనులకు, గుంటూరు మిరప చేలకు. మధ్యలో బడి తెగిపోయిన పిల్లకు ‘మళ్లీ ప్రయత్నించు’ అని చెప్పడం తేలిక. ఎక్కడ, ఎవరితో ప్రయత్నించాలో చెప్పాలి. చదరంగం పట్టుదలను పెంచుతుందని నమ్మే అధికారులు, దాతలు బోర్డులు పంచి ఊరుకుంటే సరిపోదు. పోటీ పెట్టే తీరు చూడాలి. నాకౌట్ పెడితే మొదటి ఆటలో ఓడిన పిల్ల పది గంటలకల్లా ప్రేక్షకురాలైపోతుంది. స్విస్ పద్ధతిలో ఎవరూ బయటికి పోరు. ఓడినవాళ్లు తమతో సమానమైన పాయింట్లున్నవాళ్లతో మళ్లీ ఆడతారు. న్యూయార్క్ పోటీ నడిచిందీ ఆ పద్ధతిలోనే, లేకుంటే హంపి ఆ రోజే పెట్టె సర్దుకునేది. నలభై మంది పిల్లలకు ఇరవై బోర్డులు, ఆరు రౌండ్లు, ఎత్తులు రాసుకోను తలా ఒక నోటుబుక్కు: మండల స్థాయిలో కూడా మోయలేని ఖర్చేం కాదు. తేదీ మాత్రం జాగ్రత్తగా పెట్టాలి. దీపావళి దాటాక పెడితే సగం మంది ఊళ్లో ఉండరు. జులై, ఆగస్టుల్లో అయితే ఇళ్ల దగ్గరే ఉంటారు.